రామ్ములక్కాయ, గేదె పాలు, ఒక ఇటాలియన్ పళ్ళెం

ఈ ఏడు మన సంఘం ఉగాది భోజనాల దగ్గర ఒక చిన్న సంగతి జరిగింది. వచ్చినవాళ్ళలో చాలామంది గమనించి ఉండరు. గమనించిన నలుగురైదుగురూ ఈపాటికి మరిచిపోయే ఉంటారు. నేను మాత్రం మరిచిపోలేదు. ఎందుకంటే తప్పు నాది.

ఆనవాయితీ ప్రకారం ఇంటికొక వంటకం తెచ్చాం. పెద్దవాణ్ణి కదా అని గిన్నెలన్నీ వరసగా సర్దే పని నాకు అప్పగించారు. ఇక్కడే పుట్టి, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక అమ్మాయి వెడల్పాటి పళ్ళెం ఒకటి పట్టుకొచ్చింది. అందులో ఎర్రటి టమాటా చక్రాలు, వాటి మధ్య మధ్య తెల్లటి జున్ను లాంటి ముక్కలు, పైన పచ్చటి ఆకులు, కాస్త నూనె. అంతే. "అమ్మాయీ, ఇది మన వంట కాదు కదమ్మా, పండగ పూట ఇదెందుకు?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ పిల్లా నవ్వింది. "సారీ అంకుల్" అని పళ్ళేన్ని బల్ల చివరికి జరిపింది. సాయంత్రం గిన్నెలు కడిగే వేళకి చూస్తే అది పెట్టింది పెట్టినట్టే ఉంది. మూత పెట్టుకుని తీసుకుపోయింది.

ఇంటికి వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బల్ల మీద "మన" వంటలు అనుకుంటూ నేను ముందు వరసలో పెట్టినవి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. పులిహోరలో ఎండు మిరపకాయలు, వేరుశనగ గుళ్ళు. టమాటా పప్పు. బంగాళాదుంప వేపుడు. పాయసంలో జీడిపప్పు. ఇవన్నీ అమెరికా ఖండాలనుంచి ఓడలెక్కి మన దేశం వచ్చినవే. పోర్చుగీసువాళ్ళు రాకముందు మన తాతముత్తాతలు మిరపకాయ మొహం చూడలేదు. ఆఖరికి ఆ రోజు ఉగాది పచ్చడిలో కారానికి వేసిన పచ్చిమిరపకాయ కూడా పరాయిదే! మరి ఆ అమ్మాయి పళ్ళెం ఏం పాపం చేసింది?

పాపపరిహారార్థం ఆ పళ్ళెం చరిత్ర కాస్త చదివాను. చదివింది మీ ముందు పెడుతున్నాను.

దాని పేరు ఇన్సలాటా కాప్రేసె. అంటే కాప్రి వారి సలాడు. ఇటలీలో నేపుల్స్ అఖాతం ముఖద్వారంలో కాప్రి అని ఒక చిన్న దీవి ఉంది. పది చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుందంతే. రోమన్ చక్రవర్తి టైబీరియస్ తన చివరి పదేళ్ళు ఎక్కువగా ఆ దీవిమీదే గడిపి, అక్కణ్ణించే సామ్రాజ్యాన్ని ఏలాడు. క్రీ.శ. 37లో చనిపోయాడు. అంతటి చక్రవర్తికీ కాప్రి సలాడు తినే యోగం లేకపోయింది. ఆయనకే కాదు, ఆయన తరవాత పదిహేను వందల ఏళ్ళ దాకా ఇటలీలో ఎవరికీ లేదు. కారణం, టమాటా లేదు.

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా పడమటి కొండ ప్రాంతం. దాన్ని మచ్చిక చేసి, పెద్ద కాయలు కాయించి, వంటలోకి తెచ్చింది మెక్సికో ప్రజలు. ఆజ్టెక్కుల నహువాట్ల్ భాషలోని 'తొమాత్ల్' అన్న మాటే తిరిగి తిరిగి మన టమాటా అయింది. 1521లో స్పెయిన్ సేనాని కోర్టెస్ ఆజ్టెక్ రాజధానిని పట్టుకున్నాడు. ఆ తరవాతి కొద్ది దశాబ్దాల్లోనే ఈ మొక్క యూరపు చేరింది. ఇటలీలో దీన్ని గురించి మొదట రాసినవాడు మత్తియోలి అనే వైద్యుడు, 1544లో. ఆయన దీన్ని వంకాయ జాతిలో వేశాడు. వంకాయలాగే వండుకుని తింటారన్నాడు. పదేళ్ళ తరవాత అచ్చయిన పుస్తకంలో 'పోమి దోరో' అని పేరు పెట్టాడు. బంగారు పండు అని అర్థం. ఇప్పటికీ ఇటాలియన్లు టమాటాని పొమొదోరో అనే అంటారు. 1548లో ఫ్లారెన్సు ప్రభువు కోసిమో ది మెడిచీకి ఒక బుట్టెడు టమాటాలు వచ్చిపడ్డాయి. బుట్ట క్షేమంగా చేరిందని ఆయన గృహకార్యదర్శి రాసిన ఉత్తరం ఇంకా భద్రంగా ఉంది. ఆ పళ్ళని తిన్నారా, వింతగా చూసి ఊరుకున్నారా అన్నది మాత్రం ఉత్తరంలో లేదు.

చాలామంది చూసి ఊరుకున్నవాళ్ళే. టమాటా విషపు మొక్కల కుటుంబానికి చెందిందని యూరపు వైద్యులకి అనుమానం. వాళ్ళ అనుమానం పూర్తిగా వట్టిదీ కాదు. ఉమ్మెత్త, పొగాకు కూడా ఆ కుటుంబమే మరి. ఈ మాట చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడ టమాటా అనేది కాదు, రామ్ములక్కాయ అనేది. మేము తింటుంటే ఊరుకునేది గాని తాను తినేది కాదు. తద్దినం వంటలో సరేసరి, గుమ్మం లోపలికి రానిచ్చేది కాదు. "ఆ రంగేమిట్రా, ఆ రసమేమిట్రా" అని మొహం తిప్పుకునేది. ఫ్లారెన్సులో పదహారో శతాబ్దపు వైద్యుడూ, కృష్ణా జిల్లాలో మా నాయనమ్మా ఒకే కాయని ఒకే కంటితో చూశారన్నమాట.

టమాటా భయం ముందుగా తీరిన చోట్లలో నేపుల్స్ ఒకటి. అది 1503 నుంచి రెండు వందల ఏళ్ళు స్పెయిన్ పాలనలో ఉంది. అమెరికా సరుకు ఏది వచ్చినా స్పెయిన్ ద్వారానే రావాలి కదా. 1692లో నేపుల్స్‌లో అంతోనియో లతీని అనే వంటశాలాధిపతి అచ్చువేసిన పుస్తకంలో టమాటా పచ్చడి ఒకటి ఉంది. టమాటాల్ని నిప్పులమీద కాల్చి, తొక్క తీసి, సన్నగా తరిగి, ఉల్లి, మిరప, ఉప్పు, నూనె, వినెగరు కలపమంటాడు. చదువుతుంటే మన కాల్చిన టమాటా రోటిపచ్చడి కళ్ళముందు మెదిలింది. ఆయన దానికి పెట్టిన పేరు 'స్పెయిన్ తరహా' పచ్చడి. అంటే ఆనాటి నేపుల్స్‌వాడికి టమాటా పరాయివాళ్ళ తిండి! ఇక సేమ్యాలాంటి వెర్మిచెల్లితో టమాటా కలిపే వంటకం కవల్కాంతి పుస్తకంలో కనిపించేది 1839లో. టమాటా లేని ఇటలీని మనం ఊహించుకోలేం గాని, ఈ స్నేహం గట్టిపడి రెండు వందల ఏళ్ళు కూడా సరిగ్గా కాలేదు.

ఇప్పుడు ఆ తెల్ల ముక్కల సంగతి. దాని పేరు మొజరెల్లా. ఇటాలియన్‌లో 'మొజారె' అంటే తుంచడం. వేడివేడి ముద్దని సాగదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి ఉండలుగా తుంచుతారు. అందుకని ఆ పేరు. 1570లో పోపులకి వంట చేసిన బర్తొలొమేయో స్కాప్పి రాసిన పెద్ద వంటల గ్రంథంలో ఈ పేరు ఉంది.

అసలు సిసలు మొజరెల్లాకి పాలు గేదెవి. గేదె ఇటలీలో పుట్టిన జంతువు కాదు. నదీజలాల్లో ఈదే ఈ జాతి గేదెని మచ్చిక చేసింది మన ఉపఖండంలోనే, ఐదారు వేల ఏళ్ళ కిందట. మొహెంజొదారో ముద్రల మీద దాని బొమ్మ ఉంది. పడమటికి నడుచుకుంటూ నడుచుకుంటూ మధ్యయుగాల నాటికి అది దక్షిణ ఇటలీ చేరింది. నేపుల్స్‌కి ఉత్తరాన వోల్తుర్నో నదీ ప్రాంతం, దక్షిణాన సేలె నదీ ప్రాంతం ఒకప్పుడు బురద నేలలు, మలేరియా నేలలు. ఆవులు నిలవలేని చోట గేదెలు హాయిగా పడుకున్నాయి. 1787లో జర్మన్ మహాకవి గోథే పేస్టమ్‌లోని గ్రీకు దేవాలయాలు చూడడానికి వెళ్ళి, దారిలో గేదెల్ని చూసి, నీటి ఏనుగుల్లా ఉన్నాయనీ, కళ్ళు ఎర్రగా భయంకరంగా ఉన్నాయనీ రాసుకున్నాడు. పాపం, మన ఊరి చెరువు గట్టున ఒక్క సాయంత్రం నిలబడి ఉంటే అంత భయపడేవాడు కాదు.

గేదె పాలలో వెన్న 7, 8 శాతం ఉంటుంది. ఆవు పాలలో దానికి సగం. మొజరెల్లా తెల్లగా పింగాణీలా మెరవడానికి కారణం మన ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆవు వెన్న పసుపుగానూ గేదె వెన్న తెల్లగానూ ఎందుకుంటాయో, ఇదీ అందుకే. గడ్డిలోని పసుపు పదార్థాన్ని గేదె తన ఒంట్లోనే విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది. పాలలోకి రానివ్వదు.

చేసే తీరు ఇది. పాలని గోరువెచ్చగా, సుమారు 36 డిగ్రీల దగ్గర ఉంచి, నిన్నటి విరుగుడు తేటని తోడుగా వేస్తారు. దూడ కడుపు పొరనుంచి తీసిన రెన్నెట్ అనే రసం కలుపుతారు. పాలు గడ్డకడతాయి. ఆ గడ్డని కోసి, దాని తేటలోనే కొన్ని గంటలు పులవనిస్తారు. సరిగ్గా పులిసిందా లేదా అన్నది చిన్న ముక్క తీసి వేడినీళ్ళలో ముంచి లాగి చూస్తారు. తెగకుండా తీగలా సాగిందా, తయారైనట్టు. అప్పుడు దాదాపు మరుగుతున్న నీళ్ళు పోసి, కర్రతో కలుపుతూ, మిఠాయి పాకం లాగినట్టు లాగి, ఉండలు తుంచి, ఉప్పునీళ్ళలో వేస్తారు. శాకాహారులకి ఒక మనవి. ఇటలీనుంచి వచ్చే గేదె మొజరెల్లాలో దూడ రెన్నెట్ ఉంటుంది. అది పనికిరాదనుకునేవారు సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసినది కొనుక్కోవచ్చు. ఇక్కడి ప్యాకెట్ల మీద శాకాహారులకి తగినదని రాసి ఉంటుంది. చూసి కొనండి. 1996లో యూరపు వారు 'మొజరెల్లా ది బుఫలా కంపానా' అన్న పేరుకి స్థానిక రక్షణ ఇచ్చారు. ఆ నిర్ణీత ప్రాంతంలో, గేదె పాలతో చేస్తేనే ఆ పేరు పెట్టాలి. ఆవు పాలతో చేసినదాన్ని ఇటలీలో 'ఫియోర్ ది లాత్తె', అంటే పాలపువ్వు అంటారు. కాప్రి ఎదురుగా సోరెంటో ద్వీపకల్పపు కొండల్లో చేసే పాలపువ్వుకి మంచి పేరుంది.

మూడోది ఆకు. బేసిల్. ఆ పేరు గ్రీకులో రాజు అన్న మాటనుంచి వచ్చింది. ఇదీ ఆసియా ఉష్ణదేశాల మొక్కే. మన తులసికి పినతల్లి కూతురు. మనవాళ్ళు రుద్రజడ అంటారు. వేసవిలో చలవకని నీళ్ళలో నానబెట్టి తాగే సబ్జా గింజలు ఈ మొక్కవే. గింజ మనకి, ఆకు వాళ్ళకి!

ఇక మిగిలింది ఆలివ్ నూనె. పళ్ళెంలో ఆ నేలకి పాతకాపు అదొక్కటే. అయినా దక్షిణ ఇటలీలో ఆలివ్ తోటల్ని పెంచి పెద్దచేసినవాళ్ళలో గ్రీకు వలసదారులున్నారు. అంటే అదీ ఓడ దిగిన కుటుంబమే.

సరే, ఈ నాలుగూ ఒక పళ్ళెంలో కలిసి, కాప్రి పేరు పెట్టుకున్నది ఎప్పుడు? దీనికి కథలు చాలా ఉన్నాయి. 1920ల్లో కాప్రిలోని క్విసిసానా హోటల్లో మారినెట్టి అనే కవికి వడ్డించడానికి చేశారని ఒక కథ. ఈ మారినెట్టి మామూలు మనిషి కాదు. ఇటాలియన్లని మందకొడిగా, నిరాశావాదులుగా చేస్తున్నది సేమ్యాల తిండేనని, దాన్ని మానెయ్యాలని 1930 డిసెంబరులో ఏకంగా ప్రకటన అచ్చువేసి దేశమంతా గగ్గోలు పుట్టించినవాడు. అలాంటివాడికి సేమ్యా లేని పళ్ళెం పెట్టారంటే కథ బాగా అతుకుతుంది. 1951లో ఈజిప్టు రాజు ఫారూక్ దీవికి వచ్చి తేలికగా ఏదైనా పెట్టమంటే, రొట్టె మధ్య ఇవి పెట్టి ఇచ్చారని ఇంకో కథ. ఎర్ర, తెలుపు, ఆకుపచ్చ రంగులు ఇటలీ జెండావి కాబట్టి ఒక దేశభక్తుడు కల్పించాడని మూడో కథ. ఆ త్రివర్ణం 1797 జనవరి 7న రెజ్జో ఎమీలియా పట్టణంలో మొదట ఒక చిన్న రిపబ్లిక్కు జెండాగా వచ్చింది. 1889లో మార్గెరీతా రాణికి ఇవే రంగుల పిజ్జా చేసిపెట్టారన్న ప్రసిద్ధ కథ మీకు తెలిసే ఉంటుంది. దాన్నీ చరిత్రకారులు ఇప్పుడు అనుమానిస్తున్నారు.

నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. పేదవాడు పొలంలో రొట్టెముక్కతో టమాటా కోసుకు తిన్నంతకాలం ఆ తిండికి పేరుండదు, కథ ఉండదు. అతిథి ఎవరో వచ్చి "ఇదేమిటి?" అని అడిగినప్పుడే పేరు పెట్టాల్సి వస్తుంది. కాప్రికి అతిథులకి కొదవ లేదు. ఆ క్విసిసానా కూడా 1845లో ఒక స్కాట్లండు వైద్యుడు రోగుల కోసం కట్టించిన విడిదే. 'ఇక్కడ నయమవుతుంది' అని ఆ పేరుకి అర్థం.

ఈ మాట నాకు పుస్తకాలవల్ల తోచింది కాదు. నేను 1974లో బెడ్‌ఫర్డ్‌లో దిగినప్పుడు మా పక్కింట్లో ఒక ఇటాలియన్ కుటుంబం ఉండేది. 1951 నుంచి ఇక్కడి ఇటుకల కంపెనీలు దక్షిణ ఇటలీ పల్లెలనుంచి వేలాదిమంది కూలీలని తెచ్చుకున్నాయి. నేపుల్స్‌లో ఎంపిక చేసి రైలెక్కించేవారు. మా పక్కింటాయన అలా వచ్చినవాడే. ఆయన భార్యది ఆవెల్లీనో దగ్గర పల్లె. అద్దాల పందిరి కింద టమాటాలు, వంటింటి కిటికీలో రుద్రజడ పెంచేది. తాము వచ్చిన కొత్తలో ఆలివ్ నూనె కావాలంటే మందుల షాపుకి వెళ్ళాల్సి వచ్చేదనీ, చెవిపోటుకి వేసే చిన్న సీసాలు నాలుగు ఒక్కసారి అడిగితే షాపువాడు కంగారుపడి "ఇంట్లో ఎంతమందికి చెవిపోటు?" అన్నాడనీ చెప్పి నవ్వేది. నేను ఒకసారి కాప్రి సలాడు గురించి అడిగాను. ఆవిడ చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళ పల్లెలో టమాటా, ఉప్పు, నూనె, ఎండిన రొట్టె తినేవాళ్ళట. జున్ను అమ్ముకోవడానికే గాని తినడానికి మిగిలేది కాదట. కాప్రేసె అన్న పేరు ఆవిడ మొదటిసారి విన్నది ఇంగ్లండులో, ఒక హోటలు బల్ల దగ్గర! "నేను ఇటాలియన్ వంట నేర్చుకున్నది ఇక్కడే, మా ఊళ్ళో మాకు తెలిసింది మా అమ్మ వంట ఒక్కటే" అంది. ఇప్పుడావిడ లేదు. ఆ అద్దాల పందిరి ఉంది. అందులో కొన్నేళ్ళుగా మావాళ్ళు గోంగూర పెంచుతున్నారు.

గోంగూర అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. పరాయి దేశంలో మనల్ని మనం గుర్తుపట్టుకోవడానికి మొదట వెతికేది దాన్నే కదా. దాని పుట్టిల్లు ఆఫ్రికా.

ఇదంతా చదివాక మన వంట, పరాయి వంట అన్న భేదం లేదని నేను అనబోవడం లేదు. ఉంది. కాని అది సరుకు ఎక్కణ్ణించి వచ్చిందన్న దాంట్లో లేదు. ఎవరు, ఎవరికోసం, ఎన్నాళ్ళుగా చేసిపెడుతున్నారన్న దాంట్లో ఉంది. టమాటా నేపుల్స్‌ది అయింది అలాగే. మిరపకాయ గుంటూరుది అయింది అలాగే.

చేసుకోదలిచినవారికి పద్ధతి. నలుగురికి పండిన టమాటాలు అరకిలో, మొజరెల్లా పావుకిలో. టమాటాలని ఫ్రిజ్జులో పెట్టకండి, చలికి వాసన చచ్చిపోతుంది. చిటికెనవేలి మందాన చక్రాలుగా కోసి, ముందు వాటికి ఉప్పు రాసి అయిదు నిమిషాలు ఉంచండి. సలాడు అన్న మాటకి మూలం ఉప్పే. జున్ను అరగంట ముందే బయట పెట్టి, నీళ్ళు ఓడ్చి, అదే మందాన కోయండి. ఒకటి మార్చి ఒకటి పేర్చండి. ఆకుల్ని కత్తితో కోయకుండా చేత్తో తుంచి వేయండి, కోస్తే అంచులు నల్లబడతాయి. మంచి ఆలివ్ నూనె రెండు చెంచాలు. వినెగరు వద్దు, టమాటా పులుపు చాలు. చేసిన వెంటనే తినాలి. బల్ల చివర సాయంత్రం దాకా ఉంచితే పాడైపోతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

వారం కిందట ఆ అమ్మాయికి ఫోను చేశాను. చేసింది తప్పేనమ్మా అన్నాను. "అయ్యో అంకుల్, నేనేమీ అనుకోలేదు" అంది. అనుకుందని ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరు నేర్పారని అడిగితే, హాస్టల్లో స్టవ్ లేదనీ, ఉగాదికి ఒట్టి చేతుల్తో రావడం ఇష్టంలేక తనకి చేతనైన ఒక్కటీ చేసి తెచ్చాననీ చెప్పింది. నాకేం మాట్లాడాలో తోచలేదు.

ఆగస్టులో మన వనభోజనాలున్నాయి. టమాటాలు బాగా పండే రోజులు. ఆ పళ్ళెం మళ్ళీ తెమ్మని ఆ అమ్మాయిని అడిగాను, సరేనంది. దాన్ని బల్ల మధ్యన, పులిహోర పక్కన పెట్టించవలసిందిగా కార్యవర్గం వారికి మనవి. మొదటి ముక్క నేను తింటాను.